పిల్లాడికి వైద్యం చేస్తున్న ఆసుపత్రికి చందా పోగు చేయాలనుకుంటే ఎలా చేయాలి, ఎక్కడ దెబ్బతింటాం

మా బుడ్డోడికి బ్లడ్ క్యాన్సర్ అని చెప్పిన రోజుకి వాడికింకా అయిదేళ్ళు నిండలేదు. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకమే, ఏఎల్ఎల్ అంటారు, వైద్యం రెండేళ్ళ నుంచి రెండున్నరేళ్ళ దాకా నడుస్తుంది. మాది గుంటూరు, చూపించేది బెజవాడలో ఒక ట్రస్టు ఆసుపత్రిలో పిల్లల వార్డులో, కాజ టోల్‌గేట్ ఎన్నిసార్లు దాటామో లెక్కే లేదు. ఆరేడు నెలలు ఒకే వార్డుకి తిరిగితే అది సగం మన ఇల్లయిపోద్ది కదా, రాత్రిపూట తల్లులు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మంచం అంచు మీద తల వాల్చి నిద్రపోవడం, మందుని కొలత ప్రకారం ఎక్కించే సిరంజి పంపులు ఉన్నవి నాలుగే అయితే వాటినే సిస్టర్లు ఈ మంచానికీ ఆ మంచానికీ మోసుకు తిరగడం చూసి చూసి, మనమే ఏదో ఒకటి చేద్దాం అని నేనూ మా ఆయనా మొదలుపెట్టాం. మొదటి రెండు నెలలు చేసినవన్నీ తప్పులే. రెండోసారి కుదిరింది. మీలో ఎవరికన్నా ఇలాంటి ఆలోచన ఉంటే ఆ మొదటి రెండు నెలలు మీకు మిగులుతాయని రాస్తున్నా.

అన్నిటికంటే ముందు ఒకటి తేల్చుకోండి. మీ పిల్లాడి బిల్లుకి సాయం కావాలా, ఆసుపత్రికి ఏదన్నా కొనివ్వాలా? రెండూ మంచివే, సిగ్గుపడాల్సిన పనీ లేదు, కానీ ఒకే మెసేజ్‌లో రెండూ పెట్టొద్దు. బిల్లు ఇబ్బంది ఉంటే ముందు ఆ దారి వేరే వెళ్ళండి. ఒకప్పుడు ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ, దాని కౌంటర్ ఆసుపత్రిలోనే ఉంటుంది, మీ కేసు అందులోకి వస్తుందా లేదా అక్కడే చెప్తారు, 104కి ఫోన్ చేసినా చెప్తారు. అందులోకి రాని ఖర్చులకి బిల్లులన్నీ పట్టుకుని ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా సీఎం రిలీఫ్ ఫండ్‌కి పెట్టుకోవచ్చు, అక్కడ ఒరిజినల్ బిల్లులు అడుగుతారు కాబట్టి ఒక్క కాగితం కూడా పారేయకండి, మందుల షాపు చీటీతో సహా. ఇదంతా ఓ కొలిక్కి వచ్చాకే ఆసుపత్రి సంగతి. ఎందుకంటే మీరు వార్డు కోసం అడుగుతున్నా జనం "పాపం వీళ్ళ పిల్లాడికే" అనుకుని ఇస్తారు, రేపు ఆ డబ్బుతో కుర్చీలు కొంటే "అదేంటి, బాబు కోసం ఇచ్చాం కదా" అంటారు. మాకు అలా అన్నవాళ్ళు ముగ్గురు. వాళ్ళ తప్పు కాదది, మేం రాసిన మెసేజ్ తప్పు.

ఆసుపత్రిని అడక్కుండా పైసా పోగు చేయకండి

మేం చేసిన పెద్ద తప్పు ఇదే. పంపులు చాలట్లేదని కళ్ళారా చూశాం కదా, ఇంకా అడగడమెందుకు అనుకుని, తెలిసిన డీలర్ ఒకతను మంచి పీసు ఉందంటే ఒక ఇన్‌ఫ్యూజన్ పంపు కొనేశాం. తీసుకెళ్ళి ఇస్తే హెడ్ సిస్టర్ మొహమాటపడుతూ చెప్పింది, ఇది సిరంజి పంపు కాదమ్మా, దీనికి ఆ కంపెనీ ట్యూబు సెట్టే పెట్టాలి, మామూలు ఐవీ సెట్టు పెడితే మందు కొలత తప్పుతుంది, ఆ సెట్టు మన స్టోర్‌కి రాదు అని. అది ఇప్పటికీ బీరువా పైన అట్టపెట్టెలోనే ఉంది. మేం వెళ్ళినప్పుడల్లా కనిపిస్తుంది, నేనే తల తిప్పుకుంటా.

కాబట్టి ముందు ముగ్గుర్ని కలవండి. మొదట హెడ్ సిస్టర్ని, నిజంగా దేనికి ఇబ్బంది పడుతున్నారో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు. డాక్టర్లు మెషీన్లు చెప్తారు, సిస్టర్లు క్యాన్యులా, అంటే నరానికి పెట్టే సన్న గొట్టం, దాన్ని అతికించే ప్లాస్టర్ దగ్గర నుంచి, కదిలితే కిర్రుమనే మందుల ట్రాలీ దాకా చెప్తారు. తర్వాత పిల్లల డాక్టర్ని. చివరికి సంతకం పెట్టే మనిషిని, ట్రస్టు ఆసుపత్రి అయితే అడ్మినిస్ట్రేటర్ లేదా ట్రస్టు ఆఫీసు, గవర్నమెంటు ఆసుపత్రి అయితే సూపరింటెండెంట్ లేదా ఆర్‌ఎంవో, అంటే రెసిడెంట్ మెడికల్ ఆఫీసరు. గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఆసుపత్రి అభివృద్ధి సంఘం అని ఒకటి ఉంటుంది, విరాళాలు దాని ద్వారా తీసుకునే ఏర్పాటు ఉంటుంది, గుంటూరు పెద్దాసుపత్రి అయినా బెజవాడ పెద్దాసుపత్రి అయినా సూపరింటెండెంట్ ఆఫీసులో అడిగితే ఎవరిని కలవాలో చెప్తారు.

గుంటూరు పెద్దాసుపత్రిలో క్యాన్సర్ సెంటర్ నాట్కో ట్రస్టు వాళ్ళు కట్టించిందే, తల్లీబిడ్డల బ్లాకుకి కోట్లు పోగుచేసింది మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి అమెరికా వెళ్ళిన డాక్టర్లు, జింకానా అంటారు వాళ్ళ సంఘాన్ని. వాళ్ళ ముందు మన రెండు పంపులు ఏ మూలకి అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ బిల్డింగ్ కట్టినవాళ్ళకి ఆరో నంబరు మంచం పక్కన స్విచ్‌బోర్డు పనిచేయట్లేదని తెలీదు. మనకి తెలుసు, రాత్రంతా అక్కడే ఉన్నాం కాబట్టి.

ఏం కావాలో తేలాక ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాయించుకోండి. ఫలానా వస్తువు, ఇన్ని, ఫలానా వార్డుకి అవసరం, ఇస్తే తీసుకుంటాం అని నాలుగు లైన్లు చాలు, స్టాంపు, సంతకం. ఈ కాగితం లేకుండా నేనైతే నా సొంత అన్నయ్యని కూడా అడగను ఇప్పుడు. అడిగినవాళ్ళలో సగం మంది ఏమీ అనరు గానీ మనసులో "నిజమేనా" అనుకుంటారు. బస్టాండులో, సిగ్నళ్ళ దగ్గర ఫ్లెక్సీ, డబ్బా పట్టుకుని తిరిగేవాళ్ళని చూసి చూసి జనానికి అనుమానం అలవాటైపోయింది, వాళ్ళని అని లాభం లేదు.

డబ్బు కాదు, వస్తువు అడగండి

"పిల్లల వార్డు అభివృద్ధికి విరాళం" అంటే ఎవరి మనసూ కదలదు. "రెండు సిరంజి పంపులు, తల్లులకి పడుకునే కుర్చీలు ఎనిమిది" అంటే మనిషికి కళ్ళ ముందు కనిపిస్తుంది. ఒకటో రెండో వస్తువులు పెట్టుకోండి, పెద్ద లిస్టు వద్దు. పంపు అంటే చాలామందికి తెలీదు, మేం ఇలా చెప్పాం: కీమో మందు కొన్ని సార్లు గంటల తరబడి చుక్క చుక్కగా ఒకే వేగంతో వెళ్ళాలి, పెద్దవాళ్ళకంటే పిల్లలకి ఈ కొలత ఇంకా ముఖ్యం, ఒళ్ళు చిన్నది కదా, ఆ వేగం చూసుకునేది ఈ మెషీను. అంతే, అర్థమైపోయింది అందరికీ.

మూడు చోట్ల కొటేషన్ తీసుకోండి. గుంటూరులో అయితే కొత్తపేట, బెజవాడలో అయితే సూర్యారావుపేట, ఆసుపత్రులన్నీ అక్కడే కాబట్టి ఆ సరుకు అమ్మేవాళ్ళూ ఆ చుట్టుపక్కలే దొరుకుతారు. జీఎస్టీ కలిపి చెప్పమనండి. వారంటీ ఎన్నేళ్ళు, బ్యాటరీ అందులోకి వస్తుందా, పాడైతే మెకానిక్ హైదరాబాద్ నుంచి రావాలా లేక ఇక్కడే ఉంటాడా, వారంటీ అయ్యాక ఏఎంసీ, అంటే ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం, దానికి ఎంత, ఇవన్నీ కాగితం మీద పెట్టించుకోండి. ఆసుపత్రిలో మెషీన్లు చూసే బయోమెడికల్ ఇంజనీరు ఉంటే ఆ కొటేషన్లు అతనికి చూపించండి, పది నిమిషాల్లో మనకి తెలీని నాలుగు లొసుగులు చెప్తాడు. మాకు మూడిట్లో చవగ్గా ఉన్నదాన్ని చూసి నవ్వి, ఇది ఆగిపోయిన మోడల్ మేడమ్ అన్నాడు.

డబ్బు మీ ఖాతాలో పడకూడదు

ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తా, ఎందుకంటే మంచి మనసుతో చేసినవాళ్ళు కూడా చెడ్డపేరు తెచ్చుకునేది ఇక్కడే.

మొదటిసారి మా ఆయన ఫోన్‌పే నంబరే ఇచ్చాం. వారంలో అరవై వేలు దాటింది. అందులోనే గ్యాస్ సిలిండర్ కట్టాం, పాలవాడికి కొట్టాం, పెద్దదాని స్కూలు ఆటోకి ఇచ్చాం, జీతం పడింది, మందులకి పోయింది. నెలాఖరుకి కూర్చుని లెక్కేస్తే ఏది చందా ఏది మన డబ్బు అర్థంకాక రాత్రి ఒంటిగంట దాకా స్టేట్‌మెంట్ మీద ఎర్ర పెన్నుతో టిక్కులు పెట్టుకున్నాం. మేం ఒక్క రూపాయి తినలేదు, పైగా తేడా వస్తే మా జేబులోంచే వేశాం, అయినా ఒక దూరపు చుట్టం పెళ్ళిలో ఎవరితోనో "వాళ్ళకిప్పుడు బాగానే ఉందిలే" అన్నాడట. అది విన్నాక మా ఆయన రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు.

పేరు సంగతి అలా ఉంచితే పన్ను సంగతి ఇంకోటి. బంధువులు కానివాళ్ళ దగ్గర్నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో మన ఖాతాకి వచ్చిన డబ్బు మొత్తం 50,000 దాటితే, దాటిన ముక్క మీదే కాదు, మొత్తం మన ఆదాయం కింద లెక్కేస్తారు. బంధువులు అంటే కూడా చట్టం లెక్క వేరు, బాబాయి బంధువే, బాబాయి కొడుకు కాదు. మనమేమో వాడిని సొంత తమ్ముడిలా చూస్తాం, ఇన్‌కంటాక్స్ వాళ్ళు చూడరు మరి.

అందుకే పద్ధతి ఇది. ట్రస్టు ఆసుపత్రి అయితే ట్రస్టు ఖాతా నంబరో, ట్రస్టు క్యూఆర్ కోడో తీసుకోండి, ఇచ్చేవాళ్ళని నేరుగా అందులోకే పంపమని, స్క్రీన్‌షాట్ మాత్రం మీకు పెట్టమనండి. డబ్బు పంపేటప్పుడు కింద నోట్‌లో "పిల్లల వార్డు పంపు" అని రాయమంటే ట్రస్టు ఆఫీసులో విడదీయడం తేలిక. క్యూఆర్ పెట్టే ముందు మీరే పది రూపాయలు కొట్టి ఎవరి పేరు వస్తుందో చూసుకోండి, ఆ పేరు మెసేజ్‌లో కూడా రాయండి, "డబ్బు కొట్టేటప్పుడు ఈ పేరు రాకపోతే ఆపేయండి" అని. మన మెసేజ్ కాపీ కొట్టి నంబరు మార్చి తిప్పేవాళ్ళు ఉంటారు, నమ్మండి.

ఆసుపత్రికి అలా తీసుకునే వీలు లేదనుకోండి, గవర్నమెంటు ఆసుపత్రుల్లో ఒక్కోసారి కాగితాలు కదలడానికి టైమ్ పడుతుంది, అప్పుడు ఇచ్చేవాళ్ళే డీలర్‌కి నేరుగా కట్టేలా చూడండి, బిల్లు మాత్రం ఆసుపత్రి పేరు మీదే ఉండాలి, మీ పేరు మీద కాదు, లేకపోతే వారంటీ మీ పేరు మీద ఉండిపోయి రేపు పాడైతే మిమ్మల్నే పిలుస్తారు. లేదా మీ ఊళ్ళో రోటరీ క్లబ్బో లయన్స్ క్లబ్బో ఉంటే వాళ్ళని అడగండి, వాళ్ళకి ఇలాంటి ఖాతాలు, రసీదు పుస్తకాలు, ఆడిట్ అన్నీ ఉంటాయి. ప్రైవేటు కార్పొరేట్ ఆసుపత్రి అయితే మాత్రం ఒకసారి ఆలోచించండి. అది లాభం కోసం నడిచే కంపెనీ, దానికి మెషీన్ కొనివ్వడమేంటి. అక్కడ డబ్బు కట్టలేక మధ్యలో వైద్యం ఆపేసే పిల్లలు ఉంటారు, వాళ్ళ బిల్లు కింద నేరుగా కట్టి రసీదు తీసుకోవడం మేలు.

80జీ గురించి, అంటే విరాళానికి ఇన్‌కంటాక్స్‌లో వచ్చే మినహాయింపు గురించి అడుగుతారు, ముఖ్యంగా ఉద్యోగస్తులు. ట్రస్టుకి 80జీ రిజిస్ట్రేషన్ ఉందో లేదో ముందే కనుక్కుని ఉంటేనే రాయండి. ఇచ్చేవాళ్ళ పాన్ నంబరు కావాలి, నగదు 2,000 దాటితే ఆ మినహాయింపు రాదు, వస్తువు రూపంలో ఇచ్చినా రాదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ఎలాగూ రాదు. ఈ నాలుగు ముక్కలు ముందే చెప్పేయండి, లేకపోతే మార్చిలో మీకు ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి.

ఇక అమెరికా వాళ్ళు. మన రెండు ఊళ్ళలో ఇంటికొకరు అక్కడ ఉన్నారు కదా, అందరికీ మొదట తట్టేది వాళ్ళే. ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, తమ సంపాదన బ్యాంకు ద్వారా మామూలుగా పంపొచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్ళు పంపితే మాత్రం అది విదేశీ విరాళం కింద లెక్క, విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా అంతే. విదేశీ విరాళాల చట్టం, ఎఫ్‌సీఆర్‌ఏ అంటారు, దాని కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే అది తీసుకోవాలి, అది కూడా ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ఉండే ప్రత్యేక ఖాతాలోకే. మా పెద్దమ్మ కొడుకు డల్లాస్‌లో ఉంటాడు, సిటిజన్, "ఏముందే, మా నాన్నకి పంపుతా, నాన్న ఇచ్చినట్టు ఇస్తాడు" అన్నాడు. వద్దన్నా. ఇలాంటి తిప్పుళ్ళు రేపు ఆసుపత్రి మెడకి చుట్టుకుంటాయి, మన పిల్లాడు ఇంకా ఏడాదిన్నర ఆ డాక్టర్ల చేతిలోనే ఉండాలి. వాడికి కోపమొచ్చింది, తర్వాత వాడే మా లెక్కల షీటు తయారు చేసిపెట్టాడు, రోజూ వాడి పగలు, మన రాత్రి.

మెసేజ్ ఎలా రాయాలి

చిన్నగా. మేం రెండోసారి పెట్టింది దాదాపు ఇదే, కావాలంటే మార్చి వాడుకోండి:

"అందరికీ నమస్కారం. మా బాబుకి ఎనిమిది నెలలుగా బెజవాడలో ఫలానా ఆసుపత్రి పిల్లల వార్డులో వైద్యం జరుగుతోంది. వాడి ఖర్చు మేం చూసుకుంటున్నాం, దానికోసం కాదు ఈ మెసేజ్. ఆ వార్డుకి రెండు సిరంజి పంపులు కావాలని ఆసుపత్రి వాళ్ళు రాసిచ్చిన లెటరు, కొటేషను కింద పెట్టాం. డబ్బు నేరుగా ఆసుపత్రి ట్రస్టు ఖాతాకే వెళ్తుంది, మా చేతికి రాదు. 116 అయినా 1,116 అయినా మీ ఇష్టం, వీలు కాకపోతే ఏమీ అనుకోం. ప్రతి ఆదివారం ఇక్కడే లెక్క పెడతాం. సరిపడా రాగానే ఆపేస్తాం, మిగిలితే కుర్చీలకి వాడతారు."

నూట పదహార్లు అని రాయడం మా అత్తగారి ఐడియా. ఎంత ఇవ్వాలో తెలీక ఆగిపోయేవాళ్ళు చాలామంది, 100 కొడితే తక్కువనుకుంటారేమో, 500 కొడదామంటే నెలాఖరు. 116 అనేసరికి పెళ్ళిలో చదివించినట్టు మర్యాదగా ఉంది, చేతికి బరువూ లేదు. మాకు వచ్చినవాటిలో ఎక్కువ 116, 516లే. నిజం చెప్పాలంటే పెద్ద మొత్తాలు ఇస్తామన్న ఇద్దరు ఇవ్వలేదు, ఈ చిన్నవాటితోనే మొదటి పంపు వచ్చింది.

ఫోటో గురించి. గుండు, ముక్కులో ట్యూబు, ఏడుస్తున్న మొహం, అలాంటి ఫోటో పెడితే డబ్బు త్వరగా వస్తుందని అందరూ చెప్తారు. వస్తుందేమో. వాడు రేపు బాగై స్కూలుకెళ్తాడు, ఆ ఫోటో వాడి క్లాసులో అమ్మల గ్రూపులన్నిట్లో ఉంటుంది, ఎవడో ఒకడు వాడికి చూపిస్తాడు. మేం పంపు ఫోటో పెట్టాం, అంతే. పక్క మంచాల పిల్లలు ఫ్రేములో పడకూడదు, వాళ్ళ అమ్మానాన్నలు ఊళ్ళో ఎవరికీ చెప్పి ఉండకపోవచ్చు. మా వార్డులో ఒకావిడ అత్తవారింట్లో కూడా చెప్పలేదు, కామెర్లు అని చెప్పుకుంటూ తిరిగేది.

ఎవరిని అడగాలి, ఎప్పుడు

దగ్గరివాళ్ళతో మొదలుపెట్టండి, మొదటి పదిమంది ఇచ్చినట్టు కనపడితేనే మిగతావాళ్ళు కదుల్తారు, ఖాళీ హుండీలో ఎవరూ వేయరు. మాకు అన్నిటికంటే పనిచేసింది పదో తరగతి బ్యాచ్ గ్రూపు. ఇరవై ఏళ్ళుగా మాట్లాడనివాళ్ళు, గుడ్‌మార్నింగ్ పూల బొమ్మలు తప్ప ఏమీ పెట్టని గ్రూపు అది, ఒక్క రాత్రిలో యాభై మంది కొట్టారు. మా ఆయన ఆఫీసు గ్రూపులో మాత్రం చప్పుడు లేదు, అందరూ బొటనవేలు బొమ్మ పెట్టి వదిలేశారు. ఒక్కొక్కరికి విడిగా పెడితే ఇచ్చారు. గ్రూపులో అడిగితే అందరూ ఇంకెవరో ఇస్తార్లే అనుకుంటారు.

గుంటూరు వాళ్ళకి ఒక మాట, మిర్చి యార్డులో తెలిసినవాళ్ళుంటే సంక్రాంతి దాటాక ఫిబ్రవరి, మార్చిలో అడగండి, సరుకు వచ్చేది అప్పుడే, చేతిలో డబ్బు తిరిగేదీ అప్పుడే. మే నెలలో యార్డుకి వేసవి సెలవులు, అప్పుడు వెళ్తే కొట్లకి తాళాలు కనిపిస్తాయి. మా మామగారికి తెలిసిన ఒక కమీషన్ వ్యాపారి చందా ఇవ్వలేదు గానీ కుర్చీలు బెజవాడ చేర్చడానికి లారీ ఇచ్చాడు, ఊరికే. అలాంటివి కూడా లెక్కలో రాయండి, వస్తువు ఇచ్చినవాళ్ళు, బండి ఇచ్చినవాళ్ళు, ఫ్లెక్సీ షాపులో ఊరికే ప్రింటు కొట్టిచ్చినవాళ్ళు.

లక్కీ డ్రా టికెట్లు అమ్మే ఆలోచన ఎవరన్నా చెప్తే వద్దనండి, మన రాష్ట్రంలో లాటరీ నిషేధం, మంచి పనికి అయినా టికెట్ టికెట్టే. పచ్చళ్ళు అమ్మి పోగుచేద్దాం అని మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం అనుకున్నాం, ఎండాకాలం, ఆవకాయ రోజులు, బాగానే ఉంటుంది. కానీ నూనె, కాయ, జాడీలు పోను చేతికి మిగిలింది చూస్తే అందరి నడుములు విరిగినంత కూడా లేదు. సరదాగా గడిచింది, అది వేరే.

డబ్బు కాకుండా రక్తం

చందా ఇవ్వలేనివాళ్ళు "ఇంకేమన్నా చేయగలమా" అంటారు. చేయగలరు. కీమో తీసుకునే పిల్లలకి రక్తకణాల కౌంట్లు పడిపోయినప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించాలి, అవి అయిదు రోజులకి మించి నిలవ ఉండవు, అందుకని ఎప్పటికప్పుడు మనుషులు కావాలి. 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలకి తగ్గకుండా, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే రక్తం ఇవ్వొచ్చు, మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. పేరు, గ్రూపు, ఊళ్ళో ఏ ఏరియా, రాత్రిపూట ఫోన్ ఎత్తుతారా లేదా, ఇలా ఒక లిస్టు చేసి, పేరిచ్చినవాళ్ళని ముందే అడిగి వార్డులో సిస్టర్ల దగ్గర పెట్టండి. మేం ఇచ్చినవాటిల్లో ఎక్కువ వాడింది ఆ కాగితమే అనుకుంటా, రెండుసార్లు లామినేషన్ మార్చాం. అందరూ ఒకే రోజు వెళ్ళి క్యాంపు పెట్టి ఇచ్చేస్తే ఫోటో బాగుంటుంది గానీ, వచ్చే వారం అవసరమైతే ఎవరూ మిగలరు, కాబట్టి విడతలుగా పిలవండి.

ఇచ్చే రోజు

వస్తువు వచ్చాక ముందు స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించండి. ఇది చాలామంది వదిలేస్తారు. రిజిస్టర్‌లో నంబరు పడని వస్తువు ఆసుపత్రి లెక్కలో లేనట్టే, పాడైతే బాగు చేయించడానికి డబ్బు రాదు, వేరే వార్డుకి వెళ్ళిపోయినా అడిగే దిక్కు ఉండదు. నంబరు రాసిన పేజీ ఫోటో తీసుకోండి, గ్రూపులో పెట్టండి. ఇద్దరు సిస్టర్లకి డీలర్ మనిషి చేత వాడకం చూపించండి, రాత్రి డ్యూటీ వాళ్ళకి కూడా.

మీటింగు, శాలువాలు, రిబ్బను, ఇవి ఎవరన్నా అడిగితే కింద ఆఫీసు రూములో పెట్టుకోమనండి, వార్డులోకి వద్దు. కౌంట్లు తక్కువున్న పిల్లలకి పదిమంది చెప్పులేసుకుని లోపలికి రావడమే ప్రమాదం, అది జ్వరం అయిందంటే మళ్ళీ వారం పది రోజులు యాంటీబయాటిక్స్. పూలబొకేలు, బొచ్చు బొమ్మలు కూడా వద్దు. పుట్టినరోజని పళ్ళు, బ్రెడ్లు పంచడం మనకి అలవాటు, తప్పని అనను, కానీ ఈ వార్డుల్లో కోసిన పళ్ళు, ద్రాక్షలాంటివి పిల్లలకి పెట్టనివ్వరు, అరటిపండులా మందంగా తొక్క ఉన్నవైతే సిస్టర్ని అడిగి ఇవ్వచ్చు. ఒకసారి ఎవరో ఎవరి పుట్టినరోజుకో డజన్ల కొద్దీ ద్రాక్ష ప్యాకెట్లు తెచ్చి మంచం మంచానికీ ఇచ్చి ఫోటోలు దిగి వెళ్ళారు, వెనకాలే సిస్టర్ బకెట్ పట్టుకుని అన్నీ ఏరుకుంది, పిల్లలు ఏడుపు. మావాడు గింజంత ద్రాక్ష గుప్పిట్లో దాచుకుని నిద్రపోయాడు, పొద్దున్నే దుప్పట్లో దొరికింది.

పేరు పలక గురించి గొడవలు వస్తాయి, గుళ్ళో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాసే జనం మనం. మెషీను మీద పేర్లు వద్దని ముందే చెప్పండి. అంతగా అయితే "2 పంపులు, 300 మంది స్నేహితులు" అని చిన్న స్టిక్కర్ చాలు.

లెక్క చదివింపుల పుస్తకంలా రాయండి

పెళ్ళిలో చదివింపుల దగ్గర ఒకాయన మైకులో చదువుతుంటే ఒకాయన పుస్తకంలో రాస్తాడు చూడండి, పేరు, ఊరు, ఎంత. మన తాతల కాలం నుంచి ఇంతకంటే మంచి ఆడిట్ లేదు. మేం అదే చేశాం, ఒక నోటు పుస్తకం, ఎక్సెల్ షీటు, రెండూ. ఒకళ్ళు రాయడం, ఇంకొకళ్ళు ట్రస్టు ఆఫీసు స్టేట్‌మెంట్‌తో సరిచూడడం. ఆ ఇంకొకళ్ళు మీ భార్యో భర్తో కాకూడదు. పేరు వద్దన్నవాళ్ళకి "శ్రేయోభిలాషి, బ్రాడీపేట" అని రాయండి, కానీ ఎంతో మాత్రం రాయండి. ఆదివారం లెక్క పెడతామన్నారు కదా, ఆ ఆదివారం ఏమీ రాకపోయినా "ఈ వారం ఏమీ రాలేదు" అని పెట్టండి. ఒక్క వారం మానేస్తే ఫోన్లు మొదలవుతాయి.

ఆ ఇంకొకళ్ళు ఉండడానికి ఇంకో కారణం ఉంది. మధ్యలో మావాడికి జ్వరం వచ్చి అడ్మిట్ చేశారు, పదకొండు రోజులు. ఫోన్ తీసి చూసే స్థితిలో లేం. అప్పుడు లెక్కలు నడిపింది మా పై ఫ్లాటు లెక్చరర్ గారు, ఆయన ముందు నుంచీ అన్నీ చూస్తున్నారు కాబట్టి సరిపోయింది. మీరు మొదలుపెట్టే రోజే ఒకరికి చెప్పి పెట్టుకోండి, మేం పడిపోతే ఇది నువ్వు చూసుకో అని. పాస్‌వర్డులు, డీలర్ నంబరు, లెటరు కాపీ అన్నీ వాళ్ళ దగ్గర ఒకటి ఉండాలి. ఏం కావాలో కనుక్కున్నాక డాక్టర్ల దగ్గర మాత్రం మళ్ళీ ఈ చందా మాట ఎత్తకండి, పంపు ఇచ్చాం కదా అని మనవాడిని ముందు చూస్తారేమో అన్న ఆశ మనకీ రాకూడదు, పక్క మంచం అమ్మకి ఆ అనుమానమూ రాకూడదు. ఇచ్చే రోజు మేం వెళ్ళలేదు, లెక్చరర్ గారే వెళ్ళారు.

మూడు నెలలకోసారి వెళ్ళినప్పుడు పంపు ప్లగ్ తీసి బ్యాటరీ మీద నడుస్తుందేమో చూడమని సిస్టర్ని అడగండి. ఎప్పుడూ కరెంటు మీదే ఉండే మెషీన్లలో మొదట చచ్చేది బ్యాటరీయే, అది తెలిసేది కరెంటు పోయిన రాత్రే. మొన్న చూస్తే మా రెండోది ఇరవై నిమిషాలకే కూతపెట్టింది, వారంటీలోనే ఉంది, డీలర్‌కి చెప్పాం, గురువారం వస్తానన్నాడు.